పార్శ్వనొప్పి మందులు, గుండె, మెదడు: నూరేళ్ల చర్చ

పార్శ్వనొప్పికి, అంటే వైద్యులు మైగ్రేన్ అని పిలిచే జబ్బుకు, వాడే మందుల భద్రత గురించి నూరేళ్లుగా సాగుతున్న చర్చకు మూలం ఒక్కటే: ఈ నొప్పిపై తొలినాళ్లలో గట్టిగా పనిచేసిన మందులన్నీ రక్తనాళాలను బిగించేవే, పైగా ఆ బిగింపు తలలోని నాళాల దగ్గరే ఆగుతుందన్న హామీ ఏనాడూ దొరకలేదు. తలలోని నాళం బిగుసుకుంటే ఉపశమనం, గుండెకు రక్తమందించే ధమని బిగుసుకుంటే ప్రమాదం. ఈ రెంటినీ విడదీయడానికి జరిగిన ప్రయత్నమే ఈ మందుల చరిత్రలో అధికభాగం. ఆ ప్రయత్నంలో కొన్ని మందులు గుండె భయాన్ని తగ్గించినా మత్తు, తలతిరుగుడు, చేతుల వణుకు, మాట తడబాటు వంటి నాడీ సంబంధమైన ఇబ్బందులను వెంటతెచ్చాయి. ప్రస్తుతం అందుబాటులో ఉన్న సాక్ష్యాన్నంతా ఒకచోట పెట్టి చూస్తే, వైద్యుల భయం ఒక తరగతి మందులపై అవసరానికి మించి నిలిచిపోయిందనీ, సాక్ష్యం మరింత బలంగా ఉన్న కొన్ని మందులు మాత్రం ఆ శ్రద్ధకు నోచుకోలేదనీ స్పష్టమవుతుంది.

జబ్బు ప్రమాదం, మందు ప్రమాదం

ఈ చర్చ ఇంతగా చిక్కుపడటానికి ప్రధాన కారణం పార్శ్వనొప్పి జబ్బే స్వయంగా పక్షవాతం ముప్పును కొంత పెంచడం. నొప్పికి ముందు కళ్లెదుట మెరుపులు, వంకరటింకర గీతలు, చూపులో కొంతభాగం మసకబారడం, ఒకవైపు తిమ్మిరి వంటి లక్షణాలు కొందరిలో కనిపిస్తాయి. వీటిని ఆరా అంటారు. అమెరికాలో 45 ఏళ్లు దాటిన 27,840 మంది స్త్రీలను సుమారు పదేళ్లు అనుసరించిన అధ్యయనం 2006లో వెలువడింది. ఆరాతో కూడిన పార్శ్వనొప్పి ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి ఘటనలు మిగతావారికంటే దాదాపు రెట్టింపు కనిపించాయనీ, ఆరా లేనివారిలో అటువంటి పెరుగుదల కనిపించలేదనీ అది తేల్చింది. ఆరా ఉన్న స్త్రీలు ఈస్ట్రోజన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు వాడరాదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం కూడా ఈ కోవలోని సాక్ష్యం మీదనే నిలిచింది.

దీనివల్ల ఒక మందు వాడినవారిలో పక్షవాతాలు ఎక్కువగా కనిపించినప్పుడు, నేరం మందుదా జబ్బుదా అన్నది వెంటనే చెప్పడం సాధ్యం కాదు. దీనికి సరిగ్గా ఎదురుగా మరో పొరపాటుకు అవకాశముంది. గుండెజబ్బు ఉన్నవారికి వైద్యులు నాళాలను బిగించే మందులు రాయరు కనుక, ఆ మందులు వాడేవారు సహజంగానే ఆరోగ్యవంతులై ఉంటారు, మందు నిజానికి ఉన్నదానికంటే నిరపాయంగా కనబడుతుంది. మెడలోని ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం రాబోతున్న వ్యక్తికి మొదట వచ్చేది తలనొప్పే కావచ్చు. దాన్ని పార్శ్వనొప్పిగా భావించి మాత్ర వేసుకుంటే, తరువాత వచ్చిన పక్షవాతం ఆ మాత్ర ఖాతాలో పడుతుంది. ఈ మూడు వక్రతల్లో మొదటిది, చివరిది మందుపై లేని నింద మోపుతాయి, మధ్యది ఉన్న నిందను కప్పిపుచ్చుతుంది. దశాబ్దాల అధ్యయనాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి ఇదే ముఖ్య కారణం.

ఎర్గట్ కాలం

రై అనే ధాన్యపు వెన్నులపై పెరిగే ఒక శిలీంధ్రం పేరు ఎర్గట్. అది పట్టిన ధాన్యంతో చేసిన రొట్టె తిని మధ్యయుగపు ఐరోపాలో ఊళ్లకు ఊళ్లు జబ్బుపడ్డాయి. కొందరికి కాలివేళ్లు, చేతివేళ్లు రక్తం అందక నల్లబడి కుళ్లిపోయేవి, మరికొందరికి మూర్ఛలు వచ్చేవి. నాళాలపై ప్రభావమూ నాడీమండలంపై ప్రభావమూ ఒకే విషంలో కలిసి ఉండటాన్ని గమనించాలి, ఎందుకంటే ఈ మందుల తరువాతి చరిత్ర కూడా ఆ రెండు దారుల్లోనే నడిచింది. 1918లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో శాండోజ్ కంపెనీలో ఆర్థర్ స్టోల్ ఈ శిలీంధ్రం నుంచి ఎర్గటమిన్‌ను వేరుచేశాడు. 1920లలో అది పార్శ్వనొప్పికి వాడకంలోకి వచ్చింది. 1938లో అమెరికాలో జాన్ గ్రాహం, హెరాల్డ్ వుల్ఫ్ కణత దగ్గరి ధమని కొట్టుకునే తీవ్రతను కొలిచి, ఎర్గటమిన్ ఇచ్చాక ఆ తీవ్రతా నొప్పీ రెండూ కలిసి తగ్గుతాయని చూపారు. నాళాలు ఉబ్బడమే పార్శ్వనొప్పికి కారణమన్న సిద్ధాంతం దానితో స్థిరపడింది, నాళాన్ని బిగించడమే చికిత్స అన్న నమ్మకం తరువాతి అరవై ఏళ్ల మందుల తయారీని నడిపించింది.

ఎర్గటమిన్ రక్తంలో కొద్ది గంటలే ఉన్నా, నాళాల గోడలోని గ్రాహకాలను, అంటే మందు అణువు వచ్చి అతుక్కునే చోట్లను, అంత త్వరగా వదిలిపెట్టదు కనుక బిగింపు ఒక రోజు దాటి కూడా కొనసాగుతుంది. ఈ లక్షణమే దాని బలం, దాని ప్రమాదం కూడా. నెదర్లాండ్స్‌లో మందుల షాపుల నమోదుల ఆధారంగా 2006లో వెలువడిన అధ్యయనం ఎర్గటమిన్‌ను మితిమీరి వాడినవారిలో రక్తం అందక వచ్చే సమస్యలు రెట్టింపు దాటాయనీ, గుండెజబ్బు మందులు కూడా వాడుతున్నవారిలో ఆ పెరుగుదల ఇంకా చాలా తీవ్రమనీ, తరువాతి కాలంలో వచ్చిన ట్రిప్టాన్ తరగతి మందుల మితిమీరిన వాడకంలో మాత్రం అటువంటిది కనిపించలేదనీ పేర్కొంది.

ఎర్గట్ కుటుంబానికే చెందిన మెథిసెర్జైడ్‌ను 1959లో ఇటలీకి చెందిన సికుటేరి నివారణ మందుగా ప్రవేశపెట్టాడు. అది బాగా పనిచేసింది. అయితే దీర్ఘకాలం వాడినవారిలో కడుపు వెనుకభాగంలోనూ ఊపిరితిత్తుల పొరలోనూ గుండె కవాటాలలోనూ నారలాంటి కణజాలం గట్టిపడుతున్నదని 1960లలో తేలింది. దీన్ని గుర్తించినవారిలో ప్రముఖుడు పైన చెప్పిన జాన్ గ్రాహమే. 2013లో ఐరోపా ఔషధ సంస్థ ఈ భయంతోనే ఎర్గట్ తరగతి మందులను పార్శ్వనొప్పి నివారణకు వాడవద్దని నిర్ణయించింది.

భారతదేశంలో మాత్రం ఎర్గటమిన్ చరిత్ర పుటల్లోకి వెళ్లలేదు. ఎర్గటమిన్, కెఫీన్, పారాసిటమాల్, వాంతిని ఆపే ప్రోక్లోర్‌పెరజిన్ కలిపిన మాత్ర తెలుగు ప్రాంతాలతో సహా దేశమంతటా ఏళ్లుగా అమ్ముడవుతూనే ఉంది, చాలామంది దాన్ని డాక్టరు చీటీ లేకుండానే అడిగి తెచ్చుకుంటారు. ఇందులో ఎర్గటమిన్ నాళాలను బిగిస్తే, ప్రోక్లోర్‌పెరజిన్ మెదడులో డోపమిన్ గ్రాహకాలను అడ్డుకుని కొందరిలో, ముఖ్యంగా యువతలో, మెడ వంకర తిరగడం, దవడ బిగుసుకుపోవడం వంటి అకస్మాత్తు కదలికల లోపాలకు దారితీస్తుంది. ఒకే మాత్రలో గుండెకూ మెదడుకూ చెందిన రెండు ఆందోళనలు కలిసి ఉన్నాయి. అంతకంటే తీవ్రమైనది మందుల పరస్పర చర్య: ఎర్గటమిన్‌ను విరిచి బయటికి పంపే కాలేయపు ఎంజైమును క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లూ, హెచ్‌ఐవీ చికిత్సలో వాడే రిటోనవిర్ కూడా అడ్డుకుంటాయి. అప్పుడు మామూలు మోతాదే విషమై కాళ్లూ చేతులూ చల్లబడి, నాడి అందక, ఒక్కొక్కసారి వేళ్లు తొలగించవలసిన స్థితి వస్తుంది. హెచ్‌ఐవీ చికిత్సలో ఉన్నవారు గణనీయంగా ఉన్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఈ విషయం దూరపుది కాదు. ఎర్గటమిన్ మాత్ర అమ్మే ప్రతిచోటా వేరే ఏ మందులు వాడుతున్నారన్న ప్రశ్న తప్పక అడగవలసినది.

ట్రిప్టాన్లు: భయమూ కొలతా

సెరటోనిన్ అనే రసాయనానికి శరీరంలో అనేక రకాల గ్రాహకాలున్నాయి. వాటిలో 1బి, 1డి అనే రెండింటిపై మాత్రమే ప్రధానంగా పనిచేసే మందును వెతకడం గ్లాక్సో కంపెనీలో పాట్రిక్ హంఫ్రీ బృందం చేసిన పని. దాని ఫలితమైన సుమట్రిప్టాన్ 1991లో ఐరోపా మార్కెట్లోకి వచ్చింది, తరువాత రైజట్రిప్టాన్, జోల్మిట్రిప్టాన్ తదితరాలు వచ్చాయి. ఎర్గటమిన్‌తో పోలిస్తే గురి మెరుగైంది, కానీ 1బి గ్రాహకాలు గుండె ధమనులలో కూడా ఉన్నాయి. వాడినవారిలో కొందరికి ఛాతీ పట్టేసినట్టు, గొంతు బిగుసుకున్నట్టు అనిపించడంతో మొదటి నుంచే ఆందోళన వ్యాపించింది. చాలా సందర్భాల్లో ఆ సమయంలో తీసిన ఇసిజి మామూలుగానే ఉంటుంది. ఆ బిగువుకు అన్నవాహిక కండరాలలో వచ్చే మార్పు ఒక వివరణగా ముందుకొచ్చింది.

ఇక్కడ మూడు వాదాలు రూపుదిద్దుకున్నాయి. మొదటిది ప్రయోగశాల నుంచి వచ్చింది: రాటర్‌డామ్ పరిశోధకులు మానవ ధమనుల ముక్కలపై ట్రిప్టాన్లను పరీక్షించి, మెదడు పొరలోని ధమని బిగుసుకున్నంతగా గుండె ధమని బిగుసుకోదని చూపారు. ఆరోగ్యవంతుడికి ముప్పు తక్కువ, ఇప్పటికే సన్నబడిన ధమనిలో మాత్రం ఆ కొద్ది బిగింపే ఎక్కువ కావచ్చు అన్నది ఈ వాదం సారం. రెండవది జనాభా స్థాయి నమోదుల వాదం: బ్రిటన్‌లోని వైద్యుల నమోదులను పరిశీలించి 2004లో వెలువడిన పెద్ద అధ్యయనం ట్రిప్టాన్ వాడకానికీ గుండెపోటు, పక్షవాతాలకూ సంబంధం కనిపించలేదని చెప్పింది. అదే ఏడాది అమెరికాలో నిపుణుల సంఘం ఒకటి ముప్పు కారకాలు లేనివారికి ముందస్తు గుండె పరీక్షలు అవసరం లేదన్న అభిప్రాయానికి వచ్చింది. 2006 నుంచి బ్రిటన్‌లో ప్రశ్నావళి నింపించి సుమట్రిప్టాన్‌ను డాక్టరు చీటీ లేకుండా ఫార్మసీలో అమ్మడానికి అనుమతించారు. మూడవది జాగ్రత్త వాదం: ఈ అధ్యయనాల్లో గుండెజబ్బు ఉన్నవారు లేరు కనుక, అటువంటివారి గురించి అవి ఏమీ చెప్పజాలవు.

2024లో డెన్మార్క్ నుంచి వచ్చిన అధ్యయనం ఈ మూడింటినీ కొంతవరకు ఒకచోటికి తెచ్చింది. ట్రిప్టాన్ కొత్తగా మొదలుపెట్టిన 4 లక్షలకు పైగా వ్యక్తుల నమోదుల్లో, మందు తీసుకున్న తొలి రెండు వారాలను అదే వ్యక్తి గడిపిన అంతకుముందు కాలంతో పోల్చారు. ఒక వ్యక్తిని ఆ వ్యక్తితోనే పోల్చడం వల్ల వయసు, పొగతాగే అలవాటు, మధుమేహం వంటి తేడాలు తుడిచిపెట్టుకుపోతాయి. ఆ తొలి వారాల్లో గుండెపోటు, పక్షవాతాల అవకాశం మూడు రెట్ల దాకా పెరిగినట్టు కనిపించింది. అయితే అంతమందిలో ఆ ఘటనలు కొన్ని పదులకు మించలేదు, అవి కూడా అధికంగా అప్పటికే ముప్పు ఎక్కువగా ఉన్నవారిలోనే జరిగాయి. మెదడుకు రక్తం తగ్గుతున్న తొలి లక్షణాన్ని పార్శ్వనొప్పి అనుకున్న సందర్భాలు వీటిలో కొన్ని ఉండవచ్చని కూడా ఒప్పుకోవాలి. అయినా ఈ అధ్యయనం చెప్పేది పాత జాగ్రత్తకే బలమిస్తుంది: యువతలో, ముప్పు లేనివారిలో ట్రిప్టాన్ గురించి భయపడవలసింది అతి తక్కువ, గుండెజబ్బు, పూర్వ పక్షవాతం, కాళ్ల నాళాల జబ్బు, అదుపులేని రక్తపోటు ఉన్నవారికి అది ఇవ్వరాదు, ఎర్గటమిన్ వేసుకున్న 24 గంటలలోపు ఎవరికీ ఇవ్వరాదు.

సెరటోనిన్ హెచ్చరిక

2006లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ట్రిప్టాన్లను దిగులుకు వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ, ఎస్‌ఎన్‌ఆర్‌ఐ తరగతి మందులతో కలిపి వాడితే సెరటోనిన్ సిండ్రోమ్ రావచ్చని హెచ్చరించింది. ఆందోళన, కండరాల అదురు, వణుకు, జ్వరం, చెమటలు, గుండెదడ దీని లక్షణాలు, తీవ్రమైతే ప్రాణాపాయం. ఆ హెచ్చరికకు ఆధారం ముప్పైకి మించని నివేదికలు, వాటిలో చాలావాటికి రోగనిర్ధారణ ప్రమాణాలు సరిపోలేదు. పైగా ఆ సిండ్రోమ్‌కు కారణమయ్యేవి ప్రధానంగా 2ఎ, 1ఎ గ్రాహకాలు, ట్రిప్టాన్లు పనిచేసేవి వేరు. 2018లో బోస్టన్ నుంచి వెలువడిన అధ్యయనంలో 14 ఏళ్లలో ఈ రెండు రకాల మందులూ అందుకున్న 19,017 మందిలో కచ్చితంగా నిర్ధారించగలిగిన కేసులు రెండే దొరికాయి. ఇంత జరిగినా మందుల షాపుల కంప్యూటర్లలో, వైద్యుల మనసుల్లో ఆ హెచ్చరిక ఇంకా చెరిగిపోలేదు. పార్శ్వనొప్పి ఉన్నవారిలో దిగులు, ఆందోళన తరచుగా కలిసి ఉంటాయి కనుక, సరైన ఆధారం లేని ఈ భయంవల్ల రెండింటిలో ఒక చికిత్సను కోల్పోయేవారే నష్టపోతున్నారు.

నాళాన్ని బిగించని మందులు

2013లో డెన్మార్క్ పరిశోధకులు నొప్పి జరుగుతుండగా ఎంఆర్ఐ తీసి, పుర్రె వెలుపలి ధమనులు ఉబ్బడం లేదని చూపారు. నాళం ఉబ్బకుండానే నొప్పి వస్తున్నప్పుడు, నాళాన్ని బిగించకుండానే నొప్పిని తగ్గించడం సాధ్యం కావాలి. ఆ తర్కం మీద రెండు దారులు ముందుకు సాగాయి.

ఒకటి 1ఎఫ్ గ్రాహకాలపై పనిచేసే లాస్‌మిడిటాన్. అది గుండె ధమనులను బిగించదు. అందుకే దాని పరీక్షల్లో ఒకదానిలో గుండెజబ్బు ఉన్నవారిని కూడా చేర్చుకున్నారు. అమెరికాలో 2019లో అనుమతి పొందింది. కానీ అది మెదడులోకి చేరుతుంది: ఎక్కువ మోతాదులో ఆరుగురిలో ఒకరికి తలతిరుగుతుంది, మత్తు వస్తుంది, మాత్ర వేసుకున్నాక ఎనిమిది గంటలు వాహనం నడపరాదు. గుండె భారాన్ని తీసి నాడీమండలం మీద పెట్టినట్టయింది.

రెండవ దారి సీజీఆర్‌పీ అనే ప్రొటీన్. పార్శ్వనొప్పి సమయంలో ఇది మెడ సిర రక్తంలో పెరుగుతుందని గోడ్స్‌బీ, ఎడ్విన్సన్ 1990లో చూపారు. దీన్ని అడ్డుకునే ఎరెనుమాబ్, ఫ్రెమనెజుమాబ్, గాల్కనెజుమాబ్ ఇంజెక్షన్లు 2018లో, యూబ్రోజిపాంట్, రిమెజిపాంట్ మాత్రలు ఆ తరువాత వచ్చాయి. ఇవి నాళాలను బిగించవు. అయితే సీజీఆర్‌పీ శరీరంలోని శక్తిమంతమైన నాళ విస్తారకాల్లో ఒకటి. గుండెకు గానీ మెదడుకు గానీ రక్తం తగ్గినప్పుడు నాళాలను తెరిచి ఆదుకునే రక్షణ వ్యవస్థలో దానికి పాత్ర ఉంది. దాన్ని నెలల తరబడి అడ్డుకుంటే గుండెపోటు సమయంలో ఆ రక్షణ పనిచేస్తుందా అన్నది ఈ మందుల చుట్టూ ఉన్న కీలక ప్రశ్న. స్థిరమైన ఆంజైనా, అంటే శ్రమపడినప్పుడు వచ్చే ఛాతీనొప్పి, ఉన్న సుమారు 90 మందికి ఎరెనుమాబ్ ఇచ్చి ట్రెడ్‌మిల్ పరీక్ష చేసినప్పుడు వారి వ్యాయామ శక్తి తగ్గలేదు. 2020లో ఎలుకలపై జరిగిన ప్రయోగంలో మాత్రం ఈ తరగతి మాత్రలు మెదడు నష్టాన్ని పెంచాయి. అదే ఏడాది ఎరెనుమాబ్ లేబుల్‌పై అధిక రక్తపోటు హెచ్చరిక చేరింది. చలికి వేళ్లు తెల్లబడే రేనాడ్ సమస్య తీవ్రమైన సందర్భాలు కూడా నమోదయ్యాయి. వ్యాయామం వేరు, అకస్మాత్తుగా ధమని మూసుకుపోవడం వేరు. ట్రెడ్‌మిల్ ఫలితాన్ని గుండెపోటు సమయంలో రక్షణకు రుజువుగా చూపడం తొందరపాటే.

నివారణ మందులు, నొప్పి మాత్రలు

నివారణ మందుల్లో నాడీ దుష్ప్రభావాల చర్చ ఎక్కువగా ఫ్లూనరిజిన్ చుట్టూ సాగవలసింది, సాగలేదు. ఇది అమెరికాలో అనుమతి పొందని మందు, భారతదేశంలో విరివిగా రాసే మందు. కాల్షియం మార్గాలతోపాటు డోపమిన్ గ్రాహకాలనూ అడ్డుకుంటుంది కనుక నడక నెమ్మదించడం, చేతుల వణుకు, ముఖంలో భావం తగ్గడం వంటి పార్కిన్సన్ లక్షణాలూ దిగులూ తలెత్తుతాయని 1986లో ఉరుగ్వే వైద్యులు హెచ్చరించారు. ముప్పు వయసు మళ్లిన స్త్రీలలో అధికం. మందు శరీరంలో రెండు మూడు వారాలకు గానీ సగం కాదు. ఆపిన తరువాత కూడా లక్షణాలు వారాలు, నెలలు కొనసాగుతాయి. మధ్యలో విరామం లేకుండా ఏళ్లపాటు వాడినప్పుడు, కొత్తగా వచ్చిన వణుకును వృద్ధాప్యానికో పార్కిన్సన్ జబ్బుకో ఆపాదించి మరో మందు జోడించడం అరుదు కాదు. ఆరునెలలకు మించకుండా వాడి ఆపి చూడటమన్న సాధారణ నియమం చీటీ మీద కనిపించాలి.

మిగతావాటిని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. టోపిరమేట్ 100 మిల్లీగ్రాముల మోతాదులో దాదాపు సగం మందికి చేతులు, కాళ్లలో చిమచిమలు కలిగిస్తుంది, మాటలు వెతుక్కునేటట్టు చేస్తుంది, గర్భంలోని శిశువు ఎదుగుదలపై దాని ప్రభావం కారణంగా 2023లో ఐరోపాలో ఆంక్షలు వచ్చాయి. అమిట్రిప్టిలిన్ మత్తునిస్తుంది, గుండె విద్యుత్ లయను కొందరిలో మారుస్తుంది. ప్రొప్రనొలాల్ గుండెను నెమ్మదింపజేస్తుంది, ఉబ్బసం ఉన్నవారికి పనికిరాదు. నార్వే పరీక్షల్లో నివారణకు పనిచేసిన, గుండెజబ్బు ఉన్నవారికీ అనుకూలమైన కాండెసార్టాన్‌కు తగినంత గుర్తింపు రాలేదు.

నొప్పి మాత్రల సంగతికొస్తే, 2004 మార్చిలో అమెరికాలో పార్శ్వనొప్పికి అనుమతి పొందిన రోఫెకాక్సిబ్ సుమారు ఆరునెలలకే గుండెపోట్ల కారణంగా మార్కెట్ నుంచి తొలగింది. డైక్లోఫెనాక్‌పై ఐరోపా సంస్థ 2013లో అటువంటి హెచ్చరికే చేసింది. ట్రిప్టాన్ గుండెకు చేటని దాన్ని మాని, రోజూ డైక్లోఫెనాక్ వేసుకునే వ్యక్తి తక్కువ సాక్ష్యం ఉన్న ముప్పును వదిలి ఎక్కువ సాక్ష్యం ఉన్నదాన్ని ఎంచుకున్నట్టే. ఇలా వాడుతూ పోతే తలనొప్పే పెరుగుతుంది: నెలలో ట్రిప్టాన్ లేదా ఎర్గటమిన్ 10 రోజులు, సాధారణ నొప్పి మాత్రలు 15 రోజులు లేదా అంతకంటే ఎక్కువగా వాడటం మూడునెలలకు పైగా కొనసాగితే దాన్ని మందుల మితిమీరిన వాడకంవల్ల వచ్చే తలనొప్పిగా అంతర్జాతీయ వర్గీకరణ గుర్తిస్తుంది.

బేరీజు వేసి చూస్తే గుండె, నాళాల ముప్పుకు బలమైన సాక్ష్యం ఎర్గటమిన్‌పై, దీర్ఘకాలం వాడే కొన్ని నొప్పి మాత్రలపై ఉంది; ట్రిప్టాన్లపై అది ముప్పు ఉన్నవారికే పరిమితం; సీజీఆర్‌పీ మందులపై సిద్ధాంతపరంగా బలంగా, ఆచరణలో ఇప్పటికి పలుచగా ఉంది. నాడీ ఇబ్బందుల విషయంలో ఫ్లూనరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్, టోపిరమేట్, లాస్‌మిడిటాన్ ముందు నిలుస్తాయి. సెరటోనిన్ సిండ్రోమ్ వీటన్నిటికంటే వెనుక.

తేలనిది

ట్రిప్టాన్ ఇచ్చే ముందు ఎవరికి గుండె పరీక్షలు చేయాలన్న మార్గదర్శకాల్లో వయసు పరిమితులు పాశ్చాత్య జనాభా ఆధారంగా ఏర్పడినవి. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు 53, ఇతరులకు అది 59కి దగ్గర. ఆరేళ్లకు చేరువైన ఈ తేడా పరిమితులను కిందికి జరపాలా అన్నది హైదరాబాదు, విజయవాడల్లోని రోగులకే గాక అమెరికా, బ్రిటన్లలో స్థిరపడిన తెలుగువారికి మందు రాసే వైద్యులకూ ఎదురయ్యే ప్రశ్న. పొరుగున ఉన్న కర్ణాటకలో జరిగిన సర్వేలో ఏడాదిలో పార్శ్వనొప్పి అనుభవించినవారు నలుగురిలో ఒకరని తేలింది. జబ్బు ఇంత విస్తారంగా ఉండి, మధుమేహం, రక్తపోటు చిన్న వయసులోనే మొదలవుతున్న జనాభాకు డెన్మార్క్ లెక్కలను యథాతథంగా అన్వయించడం కుదరదు. అక్కడ ఆ అధ్యయనం సాధ్యం కావడానికి కారణం ప్రతి మందూ పౌరుడి సంఖ్యకు ఎదురుగా నమోదు కావడం. ఇక్కడ ఎర్గటమిన్ మాత్ర గానీ, ఫ్లూనరిజిన్ గానీ, డైక్లోఫెనాక్ గానీ ఎవరు ఎన్ని రోజులు వాడారో చెప్పే పుస్తకం చాలాచోట్ల లేదు. అటువంటి నమోదు మొదలయ్యేదాకా 45 ఏళ్ల మధుమేహ రోగికి ట్రిప్టాన్ ఎంత సురక్షితమన్న ప్రశ్నకు వైద్యుడు ఇవ్వగలిగేది అంచనా మాత్రమే.